చెంచు పిల్లకు చెంచు వేషం

మొన్న మార్కాపురం బస్టాండులో కంభం బస్సు కోసం నిలబడి తలెత్తితే ఎదురుగా ఒక ప్రైవేటు బడి అడ్మిషన్ల ఫ్లెక్సీ. అందులో మసి మొహంతో మా మనవరాలి స్నేహితురాలు.

అది నిరుడు ఆ బడివాళ్ళు గిరిజన సంస్కృతి, సైన్సు కలిపి పండగ చేసిన రోజున తీసిన ఫోటో. మనవరాలు అప్పుడు రెండో తరగతి. దాని పక్కన కూర్చునే ఈ పిల్లది చెంచుల ఇల్లు. కూతురికి మంచి చదువు చెప్పించాలని తల్లి నల్లమల గూడెం వదిలి వచ్చి, ఇక్కడ పలకల ఫ్యాక్టరీలో పనికి కుదిరి, మా వీధి చివర కాపురం పెట్టింది. పండగని బిడ్డకు కొత్త ఆకుపచ్చ గౌను తొడిగి, రెండు జడలు వేసి, పౌడరు రాసి పంపింది. పౌడరు కాస్త ఎక్కువే పడింది లెండి, ఏ తల్లి తక్కువ రాసింది కనుక.

తక్కిన పిల్లలు ఆముదంలో కలిపిన మసి పూసుకుని, నడుముకు వేపమండలు చుట్టుకుని, హుయ్ హుయ్ అంటూ గెంతుతున్నారు. అది చెంచుల నాట్యమట! టీచరమ్మ ఈ పిల్లను ఎగాదిగా చూసి, "నువ్వు చెంచు పిల్లలా లేవే" అంటూ తన చేత్తోనే మొహానికి మసి పులిమింది. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. పిల్లల్ని కన్నవాళ్ళంతా నవ్వుతూ సెల్‌ఫోన్లు ఎత్తారు. మనవరాలి కోసం పోయిన నేను ఇదేం పని అని అడిగితే, కల్చర్ నేర్పిస్తున్నామండీ అంది ఆవిడ. ఆ పూట పుట్టిన రోత నాకింకా పోలేదు.

పిల్ల ఏడవలేదు. కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కోసాగింది. జిడ్డు మసి, ఎంత కడిగినా వదలదే! పక్కనే సైన్సు బల్ల దగ్గర మనవరాలు గ్లాసులో నూనె, నీళ్ళు పోసి కలుపుతోంది. సబ్బు వేస్తే గానీ ఆ రెండూ కలవవని అది అప్పుడే కళ్ళారా చూసింది. బల్ల మీది సబ్బు ఎత్తుకుని పరిగెత్తింది.

"ఉత్త నీళ్ళకు పోదు, సబ్బుతో రుద్దాల."

ఆ రోజు అంత పెద్ద బడిలో చదువు ఒంటబట్టింది దానికొక్కదానికే.

సాయంత్రం తల్లి వచ్చి, గౌను మెడకంటిన మసి వేలితో తడిమి, నన్ను ఒక్క మాట అడిగింది.

"మేం ఇట్లుంటామా అవ్వా?"

మర్నాడు పిల్ల బడికి పోనంది. కొన్నాళ్ళు చూసి తల్లి దాన్ని తీసుకుని గూడేనికే వెళ్ళిపోయింది. అక్కడ ఏం చదువుతోందో, అసలు చదువుతోందో లేదో నాకు తెలియదు.

నాలుగు ఎండలకే ఫ్లెక్సీ మీద గౌను పచ్చదనం వెలిసిపోయింది, బడి పేరూ వెలిసిపోయింది. మసి మాత్రం అట్లాగే ఉంది. కాలం అన్నీ కడిగేస్తుందంటారు గానీ, అది కడిగేదీ ఉత్త నీళ్ళతోనే.