గడప అవతల నర్సమ్మ

ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసే మా వీధి నర్సమ్మ ఫోను ముట్టే ముందు బొటనవేలి చెమట కొంగుతో తుడుచుకునేది. ఒకరోజు అమ్మకు బీపీ చూసి, వివరాలు తన ఫోనులో ఎక్కించడానికి నా ఫోనుకొచ్చిన ఓటీపీ అడిగింది.

"అది సెప్తే బ్యాంకులో దుడ్లు పోతాయంట. ఇంగ మా గడప తొక్కొద్దు" అని మగ్గం మీద నుంచే అరిచాను. వీధంతా విన్నది.

"సరేలే అన్నా" అని వెళ్లిపోయింది.

మొన్న అమ్మ పడిపోతే ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాను. ఏం మాత్రలు మింగుతోందో డాక్టరుకు చెప్పలేకపోయాను. అమ్మ ఆధార్ నంబరు కొడితే కంప్యూటర్లో బీపీ, మాత్రలు అన్నీ కనిపించాయి.

"ఈ ఫోన్ నంబరు నీదేనా?" అన్నాడు డాక్టరు.

నాది కాదు. అవసరమైతే పిలవమని నర్సమ్మ ఎప్పుడో మా తలుపు మీద సుద్దతో రాసిపోయిన తన నంబరు అది. ఓటీపీ తనకే వచ్చేలా నా నంబరు బదులు తనది ఇచ్చింది.

అమ్మ బతికింది. నర్సమ్మ ఇప్పటికీ వీధిలోనే నిలబడి, "అన్నా, అవ్వ మాత్రలు మింగిందా?" అంటుంది. మొహం చెల్లక, మగ్గం ఆడిస్తూనే తల ఊపుతాను. లోపలికి రమ్మని ఇంకా అనలేదు.