మౌనం పాటించని మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిందని తెలిసేసరికి నేను వార్డులో ఉన్నాను. శ్రీకాకుళంలో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో, పొద్దుటి పూట రోగులకి మందులిస్తుండగా మరిది ఫోన్ చేశాడు. "వదినా, అమ్మ పోనాది," అన్నాడు. "టీ తాగి గుమ్మం కాడ కూసున్నాది. పిలిస్తే పలకనేదు." ఇలాంటి కబురు ఇంటివాళ్లకి ఎలా చెప్పాలో నాకు అలవాటే. అదే కబురు నా దాకా వచ్చేసరికి, చేతిలో ఉన్న మందుల ట్రే ఎక్కడ పెట్టాలో తోచలేదు.

పేరు తెలియకపోయినా మీలో కొందరు ఆమెను చూసే ఉంటారు. కొన్నేళ్ల కిందట విమాన ప్రమాదంలో పోయినవాళ్లకి అసెంబ్లీ సంతాపం తెలిపింది. సభంతా లేచి నిలబడి మౌనం పాటిస్తుంటే, పైన గ్యాలరీలో ఒక ముసలామె గొంతెత్తి ఏడ్చింది. ఆ ముక్క టీవీల్లో వచ్చింది. కొందరు జాలిపడ్డారు, కొందరు సభ మర్యాద తెలియని మనిషి అన్నారు. ఆమె మా అత్తమ్మ. పక్కన తల వంచుకుని నిలబడ్డది నేను.

నౌపడ దాటి, ఉప్పుమడుల పక్కనుంచి పోతే సముద్రం ఒడ్డున ఉంటుంది వాళ్ల ఊరు. అత్తమ్మ ఎండుచేపలు సంతల్లో అమ్మేది. మామయ్య వేటకెళ్లి సముద్రంలో పోయారు. అది నా పెళ్లికి చాలా ముందటి సంగతి. పడవ రాకపోయినా అత్తమ్మ ఏడవలేదట. రోజూ ఒడ్డుకి పోయి కూర్చునేదట. కొన్నాళ్లకి పక్క ఊరి దగ్గర శవం ఒడ్డుకి వచ్చింది. వెళ్లి, చూసి, కాలి మచ్చని బట్టి గుర్తుపట్టి, అప్పుడు ఏడ్చింది. "కంటితో సూడకుండా ఎలా ఏడుత్తారే?" అని నాతో ఒకసారి అంది.

నేను గరివిడి దగ్గర బాప్టిస్టు సంఘం ఇంట్లో పుట్టిన పిల్లని. పడవ ఇంజను బెల్టులో వేలు నలిగి మా ఆయన ఆసుపత్రికొచ్చాడు. నేనే కట్టు కట్టాను. ఆ కట్టు మార్పించుకునే వంకతో, నయమయ్యాక కూడా వచ్చేవాడు. మా పెళ్లికి అటు వాళ్లూ ఇటు వాళ్లూ ముఖాలు ముడుచుకున్నారు. అత్తమ్మ మాత్రం నన్ను కింద నుంచి పై దాకా చూసి, "సర్చీకి ఎల్తావా? ఎల్లు. నాను గంగమ్మకి మొక్కుకుంటాను. సేపల పులుసు తింటావా లేదా, అది సెప్పు," అంది. తింటానన్నాను. అంతే, ఆ విషయం ఇంక ఎన్నడూ ఎత్తలేదు.

చుట్ట అడ్డపొగ కాల్చేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నోరు పాడైపోతుందత్తా అని నేను గోల పెడితే, "సముద్రం గాలికి నిప్పు బయటెడితే ఆరిపోతాదే నర్సమ్మా," అనేది. పేరుతో ఎప్పుడూ పిలవలేదు. మంచిగా ఉంటే నర్సమ్మా, కోపమొస్తే ఒసే. మా క్వార్టర్సుకొస్తే కుర్చీలో కూర్చునేది కాదు. గోడకి చేరబడి నేల మీద కూర్చుని, మా పాప తల ఒళ్లో పెట్టుకుని పేలు చూసేది, లేకపోయినా సరే.

మా ఆయన పడవల ఇంజన్లు బాగుచేసే పని నుంచి దూరాన ఓడలు బాగుచేసే చోట ఉద్యోగానికి వెళ్లాడు. ఏటా సెలవుకి రైల్లో వచ్చేవాడు. ఆ ఏడాది విమానం టికెట్టు దొరికిందని ఫోన్లో చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "అమ్మకి సెప్పకు, బెంగెట్టుకుంటాది," అన్నాడు. అదే ఆఖరి మాట.

మనిషిని పోల్చడానికి తల్లి రక్తం కావాలన్నారు. అత్తమ్మ చెయ్యి నేనే పట్టుకున్నాను.

"నా రగతం సూసి నా కొడుకుని పోల్సుకుంటారా?" అని అడిగింది.

"పోల్చుకుంటారత్తా."

"నా కళ్లకి సూపిస్తే నాను పోల్సనా?"

సూది గుచ్చిన చోట దూది అదిమిపెట్టాను. కొన్నాళ్లకి పెట్టె వచ్చింది, మేకులు కొట్టేసి. తెరవొద్దని వచ్చినవాళ్లు నెమ్మదిగానే చెప్పారు. అత్తమ్మ పెట్టె మీద చెయ్యి వేసి, తీసేసి, "ఇందులో ఎవులున్నారో నాకేటి తెలుసు," అంది. పక్కిళ్ల ఆడవాళ్లు వచ్చి శోకాలు మొదలుపెట్టబోతే లేచి నిలబడింది. "ఎవులి కోసమే ఏడుపు? ఎల్లండి మీ ఇళ్లకి." పెట్టెని సమాధి చేసినప్పుడు శ్మశానం బయటే నిలుచుంది.

ఆ తరవాత అత్తమ్మ నాతో మా క్వార్టర్సుకి వచ్చేసింది. ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. మా పాస్టరుగారు జ్ఞాపకార్థ కూడిక పెడదామంటే, "బతికున్నోడికి జ్ఞాపకార్థమేటి?" అని అత్తమ్మ ఆయన్ని గుమ్మంలోంచే పంపేసింది. ఫొటోకి దండ వేయనివ్వలేదు. పాప నాన్న గురించి అడిగితే, వస్తాడని చెప్పేది. ఒక రోజు నాకు ఓపిక పోయింది.

"పిల్లకి అలా చెప్పకత్తా. రేపు దానికి నేనేం చెప్పాలి?"

"వస్తాడనే సెప్పు."

"రాడత్తా!"

"నువ్వు సూసినావా? సూడనేదు గదా. మరి నోరు ముయ్యే."

నేను పోయినవాడి భార్యని. ఆమె ఉన్నవాడి తల్లి. ఒకే ఇంట్లో అలా తిరిగేవాళ్లం. నా ఏడుపు నేను ఆసుపత్రి బాత్రూములో ఏడ్చి, ముఖం కడుక్కుని ఇంటికి వచ్చేదాన్ని.

అప్పుడొచ్చింది అసెంబ్లీ కబురు. సంతాప తీర్మానం పెడతారు, మన రాష్ట్రంవాళ్ల పేర్లు చదువుతారు, కుటుంబాలవాళ్లు వస్తే గ్యాలరీలో కూర్చోవచ్చు అని. నాకు వెళ్లాలనిపించలేదు. ఆశ్చర్యంగా అత్తమ్మ వెంటనే బయల్దేరతానంది.

"మంత్రులంతా ఉంటారు గదా అక్కడ. ఆళ్లని అడుగుతాను, పెట్టెలో ఎవులున్నారో," అంది.

రైల్లో విజయవాడ దిగి అసెంబ్లీకి చేరాం. అత్తమ్మ పొందూరు ఖద్దరు చీర కట్టుకుంది, కొడుకు తన మొదటి జీతంతో కొనిపెట్టినది. గేటు దగ్గర నా ఫోను, ఆమె చుట్టలూ అగ్గిపెట్టే తీసుకున్నారు. గ్యాలరీలో మాట్లాడకూడదని, చప్పట్లు కొట్టకూడదని, కిందివాళ్లని పిలవకూడదని భద్రత చూసే అమ్మాయి చెప్పింది. అత్తమ్మ కుర్చీ అంచున కూర్చుని కిందికి చూస్తోంది. కాసేపయ్యాక నా చెవి దగ్గరికి వంగింది.

"మన వంతు ఎప్పుడొస్తాదే?"

"మనం మాట్లాడకూడదత్తా. వినాలంతే."

"మరెందుకు పిలిసినారు?"

కింద తీర్మానం చదివారు. ఒకరి తరవాత ఒకరు లేచి మాట్లాడారు. కొందరి మాటలు గుండెలోంచే వచ్చాయి, కొందరు చూసి చదివారు. తరవాత సభాపతి పేర్లు చదవడం మొదలుపెట్టారు. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు. అంత పెద్ద హాల్లో ఆ గొంతు తప్ప వేరే చప్పుడు లేదు. మా ఆయన పేరు వచ్చింది. తండ్రి పేరు వచ్చింది. ఆ ఊరి పేరు, మండలంలో కూడా అందరికీ తెలియనిది, అక్కడ వినిపించింది. అత్తమ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది.

పేర్లయిపోయాయి. సభంతా లేచింది. మేమూ లేచాం. ఆ వైపువాళ్లూ ఈ వైపువాళ్లూ తలలు వంచుకున్నారు. అత్తమ్మ తల వంచలేదు. ఆ తలలన్నిటినీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఈళ్లందరికీ తెలుసా?" అంది నెమ్మదిగా.

"ఏటత్తా?"

"ఆడు పోనాడని."

నేను తలూపాను.

ఆమె నోట్లోంచి ముందు ఒక మూలుగు వచ్చింది. అది పెరిగింది. తరవాత వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని పాడే వరసలో ఎత్తుకుంది. "నా కొడకా... నీళ్లల్లో పోతే రేవు కాడ కూసుందునురా... గాల్లో పోనావు గదరా... నాను ఎక్కడ కూసోనురా..."

భద్రత అమ్మాయి పరుగున వచ్చింది. "అమ్మా, ఇక్కడ ఏడవకూడదమ్మా," అని భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది, ఇంక లాగలేదు. సభాపతి తల ఎత్తి పైకి చూశారు. మళ్లీ తల వంచుకున్నారు. మా వెనక వరసలో, కూతుర్ని పోగొట్టుకున్న ఒక పెద్దాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆగలేక ఆయనా పైకి ఏడ్చేశాడు. నేను చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది, దుఃఖంలో తల వంచి మనసులో ప్రార్థన చేసుకోవడం. ఆ రోజు నాకు ఒక్క మాటా గుర్తు రాలేదు. అత్తమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను.

సభ కాసేపు వాయిదా పడింది. బయట వరండాలో ఆ అమ్మాయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఒక మంత్రిగారు మా దగ్గరికి వచ్చి దండం పెట్టారు. "ఏమైనా అడగాలా అమ్మా?" అన్నారు.

"అడగడానికే వొచ్చేను బాబూ," అంది అత్తమ్మ. గొంతు పూర్తిగా పోయింది. "ఇప్పుడేటీ నేదు."

మేం మెట్లు దిగుతుంటే లోపల మళ్లీ గంట మోగింది. ఎవరో ఏదో ప్రశ్న వేస్తున్నారు, ఇంకెవరో అరుస్తున్నారు. వాళ్ల పని వాళ్లది. అత్తమ్మ వెనక్కి చూడలేదు.

ఊరికొచ్చాక, మరిది దగ్గర వదిలి వెళ్లిన పాపని తనే దగ్గర కూర్చోబెట్టుకుంది. "మీ నాన్న రాడే అమ్మా. పోనాడు. నాను నీకు తప్పు సెప్పేను. పెద్ద సభలో అందరూ నిలబడి సెప్పినారు," అంది. తరవాత వీధిలోకి వెళ్లి పక్కిళ్ల ఆడవాళ్లని కేకేసింది. "రండే. ఇప్పుడు ఏడవండి." వాళ్లు వచ్చారు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఏడ్చారు. ఇన్ని నెలలూ గుమ్మం బయట ఆగిపోయిన చావు, అప్పుడు ఇంట్లోకి వచ్చింది. ఆ తరవాత జరిగిన జ్ఞాపకార్థ కూడికలో అత్తమ్మ చర్చి లోపల వెనక బల్ల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. అందరూ కీర్తన పాడుతుంటే నన్ను మోచేత్తో పొడిచి, "మీ వోళ్లు ఏడుపుని మింగీమంటారేటే? మింగితే ఒంట్లోనే ఉండిపోతాది," అంది. ఆ రోజు నేను మొదటిసారి అందరి ముందూ బయటికి ఏడ్చాను. అందుకు ఆమెకి నేను రుణపడి ఉన్నాను.

తరవాతి ఏళ్లలో అత్తమ్మ సన్నబడిపోయింది. సంతలు మానలేదు. నవ్వడం మాత్రం తగ్గించేసింది. పాప పెద్దదవుతున్న కొద్దీ దాని ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయేది, ఏమిటంటే ఏమీ లేదనేది. విమానం మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లం కాదు.

అత్తమ్మ పోయిన కబురు తెలిసిన రోజు పాపని తీసుకుని నేను ఊరు చేరేసరికి ఎండ ముదిరింది. ఎవరు పోయినా ఆ ఊళ్లో ఆ రోజు వేటకి వెళ్లరు. గుమ్మం ముందు ఆడవాళ్లు జరిగి, ఆమె తల దగ్గర నాకు చోటిచ్చారు. ముఖం తెరిచే ఉంది. చూశాను. పాపా చూసింది.

శ్మశానం నుంచి అందరూ తిరిగొచ్చాక, ఆడవాళ్లం స్నానానికి సముద్రంలోకి దిగాం. కట్టుబట్టలతోనే ఒకరి తరవాత ఒకరు మునిగి లేస్తున్నాం. పాప నా చెయ్యి పట్టుకుని మునిగి, జుట్టు ముఖానికి అంటుకుపోయి, ఉప్పునీళ్లు ఉమ్ముతూ లేచింది. ఒడ్డున పడవలన్నీ ఇసుకలో పక్కకి ఒరిగి ఉన్నాయి. వాటి అంచుల మీద కాకులు వరసగా కూర్చుని చేపల కోసం చూస్తున్నాయి. ఎదురుగా సముద్రం మీద, కనిపించినంత దూరం, ఎవరూ లేరు.