జలపతి సారు ఇత్తడి గంట

జలపతి సారు సంచిలో గంట ఉంటుంది. మనిషి దగ్గర ఫోన్ లేకపోవచ్చు, పెన్ను లేకపోవచ్చు, ఒక్కోసారి కళ్లద్దాలు కూడా ఇంట్లోనే మరిచిపోవచ్చు. గంట మాత్రం ఉంటుంది. ఇంగ్లిష్ టీచర్లకు ట్రైనింగ్ అంటూ జగిత్యాలలో పెట్టినా, కోరుట్లలో పెట్టినా, సిరిసిల్లలో పెట్టినా ఆయన ఆ గంటతోనే వస్తాడు. పాఠం చెప్పే పెద్దమనిషి టైం దాటించాడో, గణగణమని కొట్టేస్తాడు. కొట్టి, తనకేమీ తెలియనట్టు ఒకటే మాట అంటాడు.

"చాయ్ సల్లగయితది సార్."

ఆ గంట మా బడిదే. ఇబ్రహీంపట్నం మండలంలో ఒకే హైస్కూల్లో సారూ నేనూ ఇంగ్లిష్ చెప్తాం. కరెంటు బెల్లు వచ్చిన రోజు పాత ఇత్తడి గంటను విరిగిన బెంచీల గదిలోకి విసిరేయబోతుంటే సారు అడ్డం పడ్డాడు. "గిది మోగితెనే గదా పిల్లలు నవ్వుకుంట ఇంటికి ఉరికేది. గసొంటి దాన్ని మూలకు పడేస్తరా?" అని హెడ్మాస్టరును అడిగి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి మాకు మనశ్శాంతి లేదు.

ట్రైనింగుకు షేర్ ఆటోలో పోతాం. మా రోడ్డు గుంతలకు ఆ గంట దారిపొడుగునా మోగుతూనే ఉంటుంది. ఓసారి ఐస్‌ఫ్రూట్ బండి అనుకుని పిల్లలు ఆటో వెంట పడ్డారు. డ్రైవర్ వెంకటి బతిమాలాడు. "సార్, దాని నాలుకకు ఓ గుడ్డపేలిక సుట్టరాదుండ్రి."

"ముందుగాల నీ హారన్‌కు సుట్టు," అన్నాడు సారు.

సారుది సిరిసిల్ల. వాళ్ల బాపు బతుకంతా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. ఆ సిరిసిల్లలోనే ఒకసారి ట్రైనింగు జరిగింది. సమయపాలన గురించి ఒకాయన మాట్లాడుతూ మాట్లాడుతూ అన్నం వేళ కూడా దాటించాడు. గంట మోగింది.

"ఎవరది?"

"నేనే సార్, జలపతి. చాయ్ సల్లగయితది."

"లంచ్ టైంలో చాయ్ ఏంటండీ?"

"పొద్దుగాల రావాల్సిన చాయే సార్. ఇంక రాలేదు."

తర్వాత నిర్వాహకులు పక్కకు పిలిచి, ఇంత వయసొచ్చింది, ఓపిక లేదా అని అడిగారు. సారు ఏమాత్రం తగ్గలేదు. "దారం తెగితె సాంచ గూడ ఆగుతది. మీ సారు ఆగుతలేడు గదా," అన్నాడు.

జగిత్యాలలో మావాళ్లు కొందరు ఉపాయం పన్ని గంటను దాచిపెట్టారు. టైం కాగానే ఆయన టిఫిన్ మూత తీసి చెంచాతో కొట్టాడు. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ ట్రైనింగ్ పెడితే హమ్మయ్య అనుకున్నాం. ఫోన్ ముందు గంట పట్టుకుని కొట్టాడు. చెప్పే మేడం కంగారుపడి, "ఎవరింటికో చుట్టాలొచ్చినట్టున్నారు, తలుపు తీయండి," అంది. అందరం తలుపులు తీయడానికి పోయి, చాయ్ తాగి వచ్చాం.

అట్లా ఆయనకు చాయ్ సారు అని పేరు పడింది. చాయ్ కోసం ఇంత రాద్ధాంతం చేసే మనిషిని నేనెక్కడా చూడలేదు. తీరా గ్లాసు చేతికొచ్చాక తాగే తీరిక ఆయనకు ఉండదు. దాన్ని పట్టుకుని వరండా అంతా తిరుగుతాడు, అందరినీ పలకరిస్తాడు, చివరికి ఏ గోడ మీదో పెట్టి మరిచిపోతాడు.

ఈ ఎండాకాలం కోరుట్లలో జరిగిన ట్రైనింగుకు హైదరాబాద్ నుంచి శ్యాంసుందర్ గారు వచ్చారు. చేతిలో లాప్‌టాప్, మెడలో కార్డు. తెరమీద 'చైల్డ్ సెంటర్డ్ క్లాస్‌రూం' అని పెద్ద అక్షరాలు. మొదటి మాటే నియమం. మధ్యలో లేచి బయటికి పోతే ఆ పూట ఆబ్సెంట్. ఆబ్సెంట్ పడ్డవాళ్లు ట్రైనింగ్ అంతా మళ్లీ మొదటినుంచి చేయాలి.

జలపతి సారు ఆ రోజు తోటి టీచర్ గణేశ్‌తో కొట్లాడి మరీ కిటికీ పక్క సీటు లాక్కున్నాడు. కిటికీ బార్లా తెరిచాడు. మే నెలలో కోరుట్లలో కిటికీ తెరిస్తే లోపలికొచ్చేది గాలి కాదు, సెగ. అందరం తిట్టుకున్నాం. పైగా బయట వరండాలో ఒక పసిపిల్ల ఏడుపు. కొత్తగా ఉద్యోగంలో చేరిన సృజన బిడ్డ అది. సృజన తల్లి లస్మవ్వ రెండు స్తంభాలకు చీర తొట్టెల కట్టి ఊపుతూ కూర్చుంది.

"డిస్టర్బెన్స్‌గా ఉంది, ఆ కిటికీ మూసేయండి," అన్నారు శ్యాంసుందర్ గారు.

"మూస్తె నాకు ఊపిరాడదు సార్. డాక్టర్ చెప్పిండు."

"ఏ డాక్టర్?"

"మంచి డాక్టరే సార్."

ఎప్పుడూ టైం దాటాక కొట్టే గంటను ఆ రోజు టైం కాకముందే కొట్టాడు. శ్యాంసుందర్ గారు వాచీ చూసుకున్నారు. "ఇంకా చాలా టైం ఉంది కదండీ."

"మా దిక్కు చాయ్ జల్ది సల్లగయితది సార్."

"ఈ ఎండలోనా?"

"గదే నాకు సమజైతలేదు సార్," అన్నాడు జలపతి సారు చాలా బాధగా. గదంతా పగలబడి నవ్వింది. ఆ గోలలో టీ బ్రేక్ ఇవ్వక తప్పలేదు. మధ్యాహ్నం కూడా ఒకసారి కాదు, రెండుసార్లు కొట్టాడు. చివరికి నాకే విసుగొచ్చింది.

మరుసటి రోజు సారు గదిలో అడుగుపెట్టగానే ట్రైనింగ్ ఇన్‌చార్జి రవీందర్ గారు సంచి తీసుకుని గంట బయటికి తీశారు. తీసి ప్రొజెక్టర్ పక్కన పెట్టారు.

"జలపతి సార్, రేపు పొద్దుగాల అందరి ముందట ఇంగ్లిష్‌ల అపాలజీ చదువుండ్రి. లేకుంటె వాపస్ పంపుత, మెమో గూడ వస్తది."

"చదివితె గంట ఇస్తరా సార్?"

"ముందుగాల చదువుండ్రి, తర్వాత చూద్దాం."

కిటికీ కూడా మూసేశారు. ఆ పూట అంతా చాయ్ లేదు, విరామం లేదు. గాజు అవతల పసిపిల్ల ఏడుపు సన్నగా వినిపిస్తూనే ఉంది. జలపతి సారు ఒక్క ముక్క వినలేదు, కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

అన్నానికి బయటికి రాగానే లస్మవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, ఇయ్యాల సారు గంట కొడ్తలేడేంది? పిల్ల ఏడ్సి ఏడ్సి గొంతు పోయింది. డబ్బపాలు నోట్లనే వెట్టుకుంటలేదు."

"గంటకూ పిల్లకూ ఏం సంబంధం అవ్వా?"

"అయ్యో, నీకు తెల్వదా? పిల్ల లేవంగనె నేను తువ్వాల కిటికి సువ్వకు కట్టుడు, సారు గంట కొట్టుడు. 'నీ బిడ్డను లేచి అడుగనియ్యకు, నేను చూసుకుంట' అని ఆయిననే చెప్పిండు."

సృజన పిల్లకు పాలిస్తూ తల ఎత్తలేదు. "పోయిన ట్రైనింగుల అడిగిన మేడం. ట్రైనింగుకు అచ్చినవా, పిల్లను సాదుకుంటానికి అచ్చినవా అన్నరు. అందరు నవ్విండ్రు. మల్ల అడుగుడు నాతోని కాదు," అంది.

నాకు ఒళ్లు మండింది. పిల్లవాడే కేంద్రం అని పొద్దుటినుంచి ఊదరగొడుతున్న గదికి బారెడు దూరంలో ఒక పిల్ల ఆకలికి ఏడుస్తుంటే, మేం కిటికీ మూసుకుని నోట్స్ రాసుకున్నాం. నేరుగా జలపతి సారు దగ్గరికి పోయాను. ఆయన అప్పుడే వచ్చిన చాయ్ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. గ్లాసు నిండుగానే ఉంది.

"మీరసలు చాయ్ తాగుతరా సార్?"

"నాకు అలవాటు లేదు మేడం. చిన్నప్పటి సంది పడదు."

"మరి సృజన సంగతి శ్యాంసుందర్ సార్‌కు చెప్తె అయిపోతుండె గదా?"

"చెప్తె ఏమైతది? అందరు గా పిల్ల దిక్కు చూస్తరు. గంట కొడితె నా దిక్కు చూస్తరు. నాకేమన్న కొత్తనా?"

"సిరిసిల్లల కొట్టింది ఎవరి కోసం?"

"అంజయ్య సార్‌కు షుగర్. అన్నం టైం దాటితె చేతులు వణుకుతయి. అడుగుమంటె నామోషీ అంటడు."

"మరి కరోనాల?"

సారు తల గోక్కున్నాడు. "గప్పుడు మాత్రం నిజంగనే బోర్ కొట్టింది మేడం."

"రేపు అపాలజీ చదువుతరా?"

"చదువుత. గంట వాపస్ రావాలె గదా. పిల్లకు ఆకలి రేపు గూడ అయితది."

సాయంత్రం ఆటోలో మాతోపాటు ట్రైనింగుకు వచ్చే గణేశ్‌కు, శ్రీవాణికి, అంజయ్య సారుకు సంగతంతా చెప్పాను. జలపతి సారు వేరే ఆటో ఎక్కేదాకా ఆగి మరీ చెప్పాను. దిగేటప్పుడు అంజయ్య సారు, "మా ఇంట్ల గంట లేదు మేడం. పర్వాలేదు, చూసుకుంట," అన్నాడు.

తెల్లారి తెరమీద మళ్లీ అవే పెద్ద అక్షరాలు. జలపతి సారు కాగితం పట్టుకుని ముందు నిలబడ్డాడు. కాలర్ గుండీ కూడా పెట్టుకుని వచ్చాడు పాపం. గొంతు సవరించుకుని, "రెస్పెక్టెడ్ సార్," అని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మూసిన కిటికీ అవతల చువ్వకు ఎర్ర తువ్వాల వేలాడింది. ఆయన చూశాడు, నేనూ చూశాను. చదవడం ఆగిపోయింది. చెయ్యి అలవాటుగా సంచిలోకి పోయి ఖాళీగా వచ్చింది.

నేను హ్యాండ్‌బ్యాగులోంచి మా ఇంటి దేవుడి గంట తీసి కొట్టాను.

శ్యాంసుందర్ గారు నోరు తెరిచారు. "మేడం, మీరు కూడానా?"

"చాయ్ సల్లగయితది సార్," అన్నాను.

వెనక బెంచీలో గణేశ్ ఎద్దు మెడలో కట్టే మువ్వలపట్టెడ తీసి ఊపాడు. శ్రీవాణి తన కొడుకు సైకిల్ బెల్లు ఊడదీసి తెచ్చింది. అన్నిటికంటే గట్టిగా మోగింది అంజయ్య సారు టిఫిన్ మూత. అడగడానికి నామోషీ పడే ఆ మనిషి చెంచా వంకర పోయేదాకా కొట్టాడు. రవీందర్ గారు సైలెన్స్ అని అరుస్తున్నట్టు పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినపడలేదు.

ఆ మోతలో సృజన లేచి నిలబడింది. ఒక్కొక్క గంటా ఆగింది.

"సార్, నా బిడ్డకు ఆకలయితుంది. పాలిచ్చి అస్త. ఆబ్సెంట్ ఏస్తె ఏస్కోండ్రి."

అనుమతి కోసం ఆగలేదు. చెప్పులు టకటకలాడించుకుంటూ నడిచి, తలుపు తానే తీసుకుని వెళ్లింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. శ్యాంసుందర్ గారు తలుపు చూశారు, తెర చూశారు, తెరమీది పెద్ద అక్షరాలు చూశారు. తర్వాత చిన్న గొంతుతో, "టీ బ్రేక్," అన్నారు.

రవీందర్ గారు ప్రొజెక్టర్ పక్కనున్న గంట తీసుకుని జలపతి సారు చేతిలో పెట్టారు. చేతిలోని అపాలజీ కాగితం తీసుకుని మడిచి జేబులో వేసుకున్నారు. "మీ కిటికీ తెరుసుకోండ్రి సార్. ఊపిరాడదంటిరి గదా," అన్నారు.

వరండాలో పిల్ల కడుపునిండా తాగి, గంటను అందుకోవాలని రెండు చేతులూ చాపుతోంది. నేనో గ్లాసు తెచ్చి జలపతి సారు చేతికిచ్చాను. ఆయన గోడ కోసం వెతుకుతుంటే మేమందరం చుట్టూ నిలబడ్డాం.

"ఇయ్యాల తాగాల్సిందే సార్. తాగేదాక కదిలేది లేదు."

తప్పించుకునే దారి లేక సారు ఒక గుక్క తాగాడు. మింగాడు. మొహమంతా ముడుచుకుని, గ్లాసును అనుమానంగా చూసి, నా చేతికే తిరిగిచ్చేశాడు.

"గిదా మేడం, ఇన్నేండ్ల సంది నేను కొట్లాడింది? గిది సల్లగయినా నష్టమేం లేకుండె."