అత్లోన్ గదిలో హెలెన్ చెప్పిన మాట

బ్రెగ్జిట్ పూర్తయిన కొన్నేళ్లకు, ఒక అక్టోబరు నెలలో, మా కంపెనీ నన్ను ఐర్లండ్ నడిమధ్యన ఉన్న అత్లోన్ ఊరికి పంపింది. డబ్లిన్‌లోని ఒక అభిప్రాయ సేకరణ సంస్థలో నేనప్పుడు సీనియర్ మోడరేటర్ని. అత్లోన్‌లో ఒక హోటల్ గదిలో ఎనిమిది మందిని కూర్చోబెట్టి, ఐర్లండ్ పునరేకీకరణ గురించి వాళ్ల చేత మాట్లాడించడం నాకు అప్పగించిన పని. చేయించుకుంటున్నది ఒక చిన్న రాజకీయ పార్టీ. తర్వాతి రోజుల్లో అది ఇంకో పార్టీలో కలిసిపోయింది. పేరు చెప్పను.

సర్వే అంటే అందరికీ తెలుసు. చాలామందిని ఒకే ప్రశ్న అడిగి, అవునన్నవాళ్లను, కాదన్నవాళ్లను లెక్కపెడతారు. బృంద చర్చ అలా కాదు. అందులో లెక్క ఉండదు. మనుషులు ఏ మాటలు వాడుతున్నారు, ఏ మాట దగ్గర గొంతు మారుతోంది, ఎక్కడ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు అన్నది గమనించాలి. చర్చ నడిపే మనిషే మోడరేటర్. ఆ మనిషికి సొంత అభిప్రాయం ఉన్నా ముఖంలో కనపడకూడదు.

రాజకీయం సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. ఈ దీవి రెండుగా విడిపోయి నూరేళ్లు దాటింది. ఉత్తరాన ఒక ముక్క బ్రిటన్‌తో ఉంది. మళ్లీ కలవాలంటే ఉత్తరంలోనూ దక్షిణంలోనూ జనం ఓటేసి ఒప్పుకోవాలి. దక్షిణంలో కలవడం వద్దనే పార్టీ దాదాపు కనపడదు. ఒకరు ఇప్పుడే అంటారు, ఒకరు నిదానంగా అంటారు, ఒకరు ముందు ఇళ్ల అద్దెల సంగతి చూడమంటారు. మా క్లయింటు పార్టీకి తెలియాల్సింది ఒక్కటే: నోటితో సరే అనే మనిషి మనసులో ఎక్కడ ఆగిపోతున్నాడు?

నన్నే ఎందుకు పంపుతున్నారని మా డైరెక్టర్ ఫియోనాను అడిగాను. నా యాసకు ఏ పక్షమూ లేదంది. అది నిజం. ఉత్తరంలో పేరును బట్టి, చదివిన బడిని బట్టి, ఇంగ్లీషులో హెచ్ అక్షరాన్ని పలికే తీరును బట్టి కూడా మనిషి కాథలిక్కో ప్రొటెస్టెంటో పసిగడతారు. నెల్లూరు ఇంగ్లీషును ఏ గంపలో వేయాలో వాళ్లకు తెలియదు. నా మటుకు నాకు ఈ విషయం మరీ కొత్తదేమీ కాదు. డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో మేం తెలుగువాళ్లం కలిసినప్పుడు హైదరాబాదు వాళ్లూ గుంటూరు వాళ్లూ ఒకే బల్ల దగ్గర బిర్యానీ తింటాం. రాష్ట్ర విభజన ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు లేచి పెరుగు తేవడానికి వంటింట్లోకి వెళతారు.

మా వృత్తిలో నియమాలు కచ్చితంగా ఉంటాయి. చర్చకు వచ్చేవాళ్లు ఒకరికొకరు తెలిసుండకూడదు. వాళ్లు గానీ, వాళ్ల ఇంట్లో ఉండేవాళ్లు గానీ ఏ పార్టీ సభ్యులూ కాకూడదు. పని చేయించుకుంటున్నది ఎవరో వాళ్లకు చెప్పం, చెబితే మాట తీరు మారిపోతుంది. క్లయింటు మనిషి పక్క గదిలో టీవీ మీద చర్చ చూడవచ్చు, రాసుకోకూడదు, రికార్డింగు అడగకూడదు. మనిషిని ఆనవాలు పట్టించే వివరాలన్నీ తీసేసి నేను రాసిచ్చే నివేదిక మాత్రమే వాళ్లకు దక్కుతుంది. పార్టీ సలహాదారు కీరన్ ఈ నియమాలన్నీ చదివి సంతకం పెట్టి పక్క గదిలో కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, మర్యాదస్తుడు.

చర్చ మొదట్లో సాఫీగానే నడిచింది. కలవడం మంచిదే, ఎవరు కాదంటారు అన్నారు అందరూ. తర్వాత నేను బల్ల మీద అట్టముక్కలు పరిచాను. ఉత్తరంలో బ్రిటన్‌నే తమ దేశమనుకునే ప్రొటెస్టెంట్ల కోసం జెండా మారితే అని ఒక దాని మీద, జాతీయ గీతం మారితే అని ఇంకో దాని మీద రాసి ఉంది. గది వేడెక్కింది. లారీ నడిపి రిటైరైన డెక్లన్ అనే పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వాళ్లు వస్తే సంతోషమే, కానీ మన ఇంటికి వచ్చినప్పుడు మన ఇంటి పద్ధతిలో ఉండాలన్నాడు. ఇంకొకరు, అసలు వాళ్లు మనకు తెచ్చేదేముంది, పాత పగలు తప్ప అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

కిటికీ పక్కన కూర్చున్న హెలెన్ అంతవరకూ పెద్దగా మాట్లాడలేదు. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, ఒక కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. మీరేమంటారని అడిగాను. ఆమె నా వైపు కాకుండా డెక్లన్ వైపు చూసింది.

"వాళ్లు వాళ్లు అంటున్నారు కదా, నేను వాళ్లలో మనిషినే" అంది.

ఆమె గొంతు పెంచకుండా చెప్పుకుపోయింది. పుట్టింది సరిహద్దుకు అవతల, ప్రొటెస్టెంట్ రైతు కుటుంబంలో. తమ్ముడు పగలు పొలం చూసుకుంటూ సాయంత్రాలు పోలీసు డ్యూటీ చేసేవాడు. ఒక ఉదయం దూడలకు పాలు పోయడానికి బకెట్టు పట్టుకుని గేటు దగ్గరికి వెళితే, ఐర్లండ్ కలవాలని తుపాకులు పట్టినవాళ్లు కాల్చి చంపారు. ఆ తర్వాత ఆమె ఇటు వచ్చింది. అత్లోన్ కాథలిక్ అబ్బాయిని పెళ్లి చేసుకుంది. యాస దగ్గరగా ఉంటుందని, తనది సరిహద్దుకు ఇవతలున్న కావన్ అని ఊరంతటికీ చెప్పింది. భర్తకు తప్ప ఇంకెవరికీ నిజం తెలియదు.

"మీరెవరూ చెడ్డవాళ్లు కారు, నాకు తెలుసు" అంది చివర. "కానీ ఇన్నేళ్లలో ఈ ఊళ్లో మా తమ్ముడి పేరు పైకి అనాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు."

ఎన్నో చర్చలు నడిపినదాన్ని, ఆ రోజు నాకు తర్వాతి ప్రశ్న తోచలేదు. చేతిలోని ప్రశ్నల కాగితం బల్ల మీద బోర్లించాను. చివరికి డెక్లనే లేచి కెటిల్ దగ్గరికి వెళ్లి ఆమెకు టీ కలిపి తెచ్చాడు. పాలు ఎన్ని పోయాలని మాత్రం అడిగాడు.

అందరూ వెళ్లాక హెలెన్‌ను ఆపి, మీ మాటలు నివేదికలోంచి పూర్తిగా తీసేయమంటారా అని అడిగాను. "ఇలాంటివాళ్లూ ఉన్నారని రాయండి, ఫర్వాలేదు. మా తమ్ముడి సంగతి మాత్రం వద్దు" అంది. మాట ఇచ్చాను. నివేదికలో, ఉత్తర ప్రాంతంతో కుటుంబ సంబంధం ఉన్న ఒక మహిళ మౌనంగా ఉండటానికి అలవాటుపడిందని ఒక్క వాక్యం రాశాను. పక్క గదిలోంచి కీరన్ తడి కళ్లతో బయటికొచ్చాడు. నియమం మళ్లీ గుర్తు చేశాను. తప్పకుండా అన్నాడు.

ఆ తర్వాతి వసంతంలో ఆ పార్టీ మహాసభ జరిగింది. శనివారం సాయంత్రం నాయకురాలి ప్రసంగం టీవీలో ప్రత్యక్షంగా వస్తోంది. మేం పనిచేసిన అంశం కాబట్టి చెర్రీవుడ్‌లో మా ఇంట్లో, మా అమ్మాయి గౌతమితో కలిసి చూస్తున్నాను. నాయకురాలు పునరేకీకరణ గురించి మొదలుపెట్టింది. కాగితంలోంచి తల ఎత్తి, దేశం నడిబొడ్డున ఉన్న ఒక ఊళ్లో ఒక స్త్రీ ఉందని, ఆమె కథ తన మనసును మార్చేసిందని చెప్పింది. తమ్ముడు, సాయంత్రాల పోలీసు డ్యూటీ, గేటు, దూడలు. ఆఖరికి బకెట్టు కూడా.

సభ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. ఆ వివరాలు నా నివేదికలో లేవు. నేను రాయలేదు. అంటే పక్క గదిలో కూర్చున్న మనిషి మోసుకెళ్లాడు. తెర మీద జనం కళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్లు ఏడుస్తున్నది ఎవరి కోసమో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

"అమ్మా, ఆర్ యూ గ్రాండ్?" అంది గౌతమి. ఈ దేశంలో బాగున్నావా అని అడగడం అదే. లేదని తల ఊపాను. ఎందుకో చెప్పడానికి కన్నకూతురి దగ్గర కూడా వీల్లేని వృత్తి మాది.

సోమవారం ఫియోనా గదిలో కీరన్‌తో ఫోను స్పీకర్ మీద మాట్లాడాం. అతను కాదనలేదు. పేరు చెప్పలేదు కదా, ఊరు చెప్పలేదు కదా, ఎవరు గుర్తుపడతారు అన్నాడు. తప్పు చేశానన్న జంకు అతని గొంతులో లేదు. తర్వాత అతను అడిగింది విని ఫియోనా నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను.

"ఆమె ఒకసారి వేదిక మీదికి వస్తుందేమో మీరు కనుక్కోగలరా? మా నాయకురాలు స్వయంగా కలుస్తారు" అన్నాడు.

ఫియోనా ఫోను పెట్టేసింది. ఆ పార్టీ రేపు ప్రభుత్వంలో చేరవచ్చని, కాంట్రాక్టులు వాళ్ల చేతుల్లో ఉంటాయని ఆమెకు తెలుసు. అయినా ఒప్పందం రద్దు చేసింది, వ్యక్తిగత సమాచార రక్షణ చూసే ప్రభుత్వ కార్యాలయానికి తనే రిపోర్టు చేసింది. హెలెన్‌కు ఉత్తరం పంపుదామంది. నేను వెళ్లి చెబుతానన్నాను.

మర్నాడు రైలెక్కి అత్లోన్ వెళ్లాను. తలుపు తీసిన హెలెన్ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి రమ్మని, కూర్చోబెట్టింది. నేను జరిగింది చెప్పాను: వివరాలు ఎలా బయటికి పోయాయి, మేమేం చేశాం, ఆమె ఎక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఆ చర్చ చేయించింది ఏ పార్టీయో కూడా అప్పుడే మొదటిసారి చెప్పాను.

తన కథ ఎవరి నోటనో ఆ పార్టీకి చేరిందనుకున్న ఆమె, చర్చ చేయించిందే ఆ పార్టీ అని వినగానే చేతిలోని కప్పు బల్ల మీద పెట్టింది. నేనన్నది మళ్లీ చెప్పమంది. చెప్పాను.

అప్పుడు తెలిసింది. ఆమె కొడుకు కానర్ డబ్లిన్‌లోని టాలట్‌లో ఉంటాడు, అక్కడి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఆ పార్టీలో సభ్యుడు. వేరే ఇంట్లో ఉంటాడు కాబట్టి మా ప్రశ్నల్లో ఆ సంగతి రాలేదు. శనివారం అతను ఆ సభలోనే ఉన్నాడు. తనకొక మేనమామ ఉండేవాడని కూడా తెలియకుండా పెరిగిన పిల్లవాడు. ఆదివారం భోజనానికి ఇంటికొచ్చి, ఆ ప్రసంగం గురించి తల్లికి ఉత్సాహంగా చెప్పాడట. మన ప్రాంతం మనిషేనమ్మా, ఎవరో పాపం, ఇన్నేళ్లు ఎంత భయపడి బతికిందో అన్నాడట. అందరితో పాటు తనూ లేచి చప్పట్లు కొట్టానన్నాడట.

"బంగాళదుంపలు వడ్డిస్తున్నాను" అంది హెలెన్. "గిన్నె కింద పెట్టి, అది నేనే కానర్ అన్నాను."

ఓదార్చడం మా శిక్షణలో లేదు. ఆమెనే చూస్తూ కూర్చున్నాను. కానర్ మావయ్య పేరేమిటని అడిగాడట. చెప్పిందట. భోజనం ముట్టకుండా కారెక్కి వెళ్లిపోయాడట. ఆ వేళ్టికి ఇంకా ఫోను చేయలేదు.

ఎవరైనా గుర్తుపట్టారా అని అడిగాను. డెక్లన్ ఊళ్లో అడిగి ఇల్లు కనుక్కుని ఆదివారం సాయంత్రమే గుమ్మం దగ్గరికి వచ్చాడని చెప్పింది. లోపలికి రాలేదట. "బయటికి పోయింది నా నోటి నుంచి కాదు, అది మీకు తెలియాలి" అని మాత్రం అని వెళ్లిపోయాడట.

మీ మీద నాకు కోపం లేదంది. "చెప్పాలనుకుంటే వాడికి నేనే చెప్పేదాన్ని. ఎప్పుడు, ఎలా అన్నది నా చేతిలో ఉండాల్సింది" అంది. ఫిర్యాదు చేస్తారా అని అడిగితే చేస్తానంది, చేసింది కూడా. విచారణలో కీరన్ తప్పు తేలింది, పార్టీ ఆమెకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పింది. నాయకురాలు ఇంటికి వస్తానంటే హెలెన్ వద్దంది. కానర్ ఆ వేసవిలో సభ్యత్వం వదులుకున్నాడని, తల్లితో కలిసి సరిహద్దు దాటి ఆ పొలం చూసి వచ్చాడని తర్వాత ఆమె నుంచి వచ్చిన ఒక చిన్న ఫోనులో తెలిసింది. ఐర్లండ్ కలవాలన్న అభిప్రాయం మాత్రం అతను మార్చుకోలేదట. ఆమె ఓటు ఎటు అన్నది ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

రిటైరయ్యే దాకా నేను మళ్లీ ఏ రాజకీయ చర్చకూ పక్క గదిలో క్లయింటును కూర్చోనివ్వలేదు. చర్చ ముగిశాక అది ఎవరి కోసం జరిగిందో వచ్చినవాళ్లకు చెప్పి, తమ మాటలు వెనక్కి తీసుకునే అవకాశం ఇచ్చేదాన్ని. మా సంస్థలో తర్వాత అదే పద్ధతి అయింది. పేరూ ఊరూ తీసేస్తే మనిషి దాగిపోతాడని మా వృత్తి నమ్ముతుంది. ఆ నమ్మకం తప్పు. పైగా మనిషికి హాని గుర్తుపట్టినవాళ్ల వల్లే జరుగుతుందని కూడా అనుకోకూడదు. హెలెన్ విషయంలో గుర్తుపట్టిన డెక్లన్ నోరు మూసుకున్నాడు. గుర్తుపట్టని కన్నకొడుకు చప్పట్లు కొట్టాడు.