పళ్ళు ఒకింట్లో, పొడి ఒకింట్లో

మా ఆయన క్రిస్మస్ కేకులో ఏలకులు వెయ్యనిచ్చీవాడు కాదు. ఏలకులేస్తే అది కేకు కాదు, పాయసం అనీవాడు. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, కొంచెం సొంఠి, ఎండబెట్టిన నారింజ తొక్క. ఒక్కోటీ వేరువేరుగా పెనం మీద వెచ్చబెట్టి, చల్లార్చి, చిన్న రోట్లో దంచి, నా పాత చీర గుడ్డలో జల్లించి సీసాకి పోసీవాడు. ఏది ఎంత వేసీవాడో నన్నడిగితే నాకు తెల్దు. పెళ్ళైన కాణ్ణించి పక్కనే కూచున్నాను. నా పని పళ్ళు తరగడం, గుడ్లు గిలక్కొట్టడం. పొడి ఆయన పని. మనిషి ఎదురుగా ఉన్నాడు కదా, ఆయన చేతి వేపు ఎందుకు చూస్తాను?

నేను చెప్తంటే మా కోడలు రాస్తంది. దానిది విజయనగరం, రాత వచ్చు. నాకు సంతకం వరకే. కొడుక్కి తెలుగు మాటాడ్డం వచ్చు, చదవడం రాదు. ఇక్కడ బిలాస్‌పూర్‌లో పుట్టి హిందీ బడిలో చదివినోడు.

మా మావ రన్నింగ్ రూములో వంట చేసీవాడు. రన్నింగ్ రూమంటే రైలుబండి తెచ్చిన డ్రైవర్లు, గార్డులు దిగి తిని పడుకునే చోటు. ఆ రోజుల్లో డ్రైవర్లలో ఆంగ్లో ఇండియన్లు చాలామంది. వాళ్ళలో ఒకాయన భార్య మా మావకి కేకు నేర్పింది. మావ నించి ఈయనకొచ్చింది. ఈయన వంటోడు కాదు, రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. కూర ఉడికిందా లేదా కూడా చూడ్డం రాదు. కేకు ఒక్కటే వచ్చు. అది కూడా ఫిట్టరు లాగే చేసీవాడు, గిన్నె చుట్టూ తిరిగి, వొంగి చూసి, కొలిచి, మళ్ళీ చూసి. నేను గుడ్డు పెంకు ముక్క గిన్నెలో పడేసానంటే, "ఇంజన్లో నట్టు పడేసినావే" అనీవాడు.

ఇంట్లో కేకు కాల్చే పొయ్యి మాకెప్పుడూ లేదు. బజార్లో బేకరీకి ఇటకల భట్టీ ఉంది. క్రిస్మస్ ముందు రోజుల్లో వాళ్ళ రొట్టెలు అయిపోయాక భట్టీ మా చర్చి వాళ్ళకి వదిలీవారు. అందరూ పిండి ఇంటి దగ్గర కలుపుకుని, డబ్బాల్లో పోసుకుని, మీద గుడ్డ కప్పి, సైకిళ్ళ మీదా స్కూటర్ల మీదా తెచ్చీవారు. అన్నీ ఒక్కలాగే ఉండీవి, మసి పట్టిన డబ్బాలు. అందుకని ఎవరి గుర్తు వాళ్ళది. ఒకరు గాజు ముక్క కట్టీవారు, ఒకరు మేకుతో సిలువ గీసీవారు. మా డబ్బా ఈయన నూని డబ్బా రేకు కోసి షెడ్డులో మడిచి చేసినది, నాలుగు పలకలది. దానికి తీగతో ఇత్తడి బిళ్ళ కట్టీవాడు. పూర్వం డ్యూటీకి వచ్చినట్టు గుర్తుకి షెడ్డులో బిళ్ళలిచ్చీవారు. పద్ధతి మారిపోయాక ఆ బిళ్ళ ఎవరూ అడగలేదు, ఈయన ఉంచీసుకున్నాడు. మా డబ్బా భట్టీలోకి వెళ్ళిందంటే బయటికొచ్చే వరకూ కూచోనీవాడు కాదు, గోడకానుకుని నిలబడీవాడు. బేకరీ వాళ్ళు నవ్వీవారు, నీ కేకు ఎక్కడికీ పారిపోదు భయ్యా అని.

పోయినేడు దసరా వెళ్ళగానే నేను పళ్ళు తరిగినాను. కిస్‌మిస్, ఖర్జూరం, చెర్రీలు. ఆయన వాటిని పింగాణీ జాడీలో వేసి రమ్ము పోసి మూతికి గుడ్డ కట్టినాడు. పాస్టరు గారు వచ్చినప్పుడు ఆ జాడీ మంచం కిందకి పోతాది, అది మా ఇంటి రివాజు. నారింజ తొక్క ఆ ఏడు బాగా ఎండిందని పొడి కూడా దంచీసినాడు. ఆదివారం చర్చి నించి వచ్చి, చొక్కా కూడా ఇప్పకండా, జాడీ రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పీవాడు, అడుగువి పైకి రావాలని.

దీపావళి వెళ్ళాక బజారు నించి సంచీ పట్టుకొచ్చి గుమ్మంలో కూచున్నాడు. మంచినీళ్ళడిగినాడు. తెచ్చేసరికి చెయ్యి గుండె మీద ఉంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళినాం. అంతే. ఇంకేటి చెప్పను.

జనం వచ్చినారు, వెళ్ళినారు. ఆదివారం వచ్చింది. వంటింట్లో మూలకి జాడీ ఉంది. నేను వెళ్ళి తిప్పినాను. తర్వాతాదివారం కూడా తిప్పినాను. ఎందుకు తిప్పుతున్నావని ఎవరూ అడగలేదు. అడిగితే నాకేటి తెలుసు. లోపల పళ్ళు ఉబ్బుతున్నాయి, వాసన మారతంది, అది ఆయన పని, ఆయన లేకపోయినా అవుతంది. అది చూసి నాకొక ఆశ పుట్టింది. పళ్ళు ఆయనవి. పొడి ఆయనది. రెండూ ఉన్నాయి. కోడలు పిండి కలిపితే, నేను గుడ్లు కొడితే, ఆయన చేతి కేకు ఇంకొక్కసారి ఈ ఇంట్లోకి వస్తాది. అప్పుడు నాకు కావలసింది అదొక్కటే. కొడుకు తండ్రిని పాపా అనీవాడు. వాడు కూడా అన్నాడు, "అమ్మా, పాపా కేక్ చేద్దాం" అని.

క్రిస్మస్ దగ్గరపడ్డాక మా వదిన వచ్చింది. వదినంటే ఆయన అక్క. ఇదే ఊళ్ళో లాల్‌ఖదాన్‌లో ఉంటాది, మేం దయాల్‌బంద్‌లో. వంటింట్లోకి వచ్చి, బల్ల మీద మైదా పొట్లం చూసింది, గుడ్లు చూసింది, పీట లాక్కుని కూచుంది.

మేం ఎప్పటినించో ప్రభువుని నమ్ముకున్నోళ్ళం. అయినా ఇంటిపేరు మైల మాత్రం మా వాళ్ళు వదల్లేదు. మనిషి పోయిన ఇంట్లో, ఆ ఇంటిపేరున్న వాళ్ళు ఏడాది వరకూ పండక్కి ఏదీ వండరు. నూని మూకుడు పెట్టరు, భట్టీకి డబ్బా పంపరు. ఇరుగుపొరుగు తెచ్చి పెడితే తింటారు. ఇది నాకు తెలీక కాదు. ఆయన నానబెట్టిన పళ్ళు కదా, మనం కొత్తగా చెయ్యడం లేదు కదా అని నా మనసుకి నేనే చెప్పుకున్నాను. వదినకి కూడా అదే చెప్పినాను. ఆయనే నానబెట్టినాడు వదినా అన్నాను.

"నానబెట్టినోడు లేడు కదమ్మీ" అంది.

నేను మైదా పొట్లం మూతి మడిచీసినాను.

కోడలు మెల్లిగా, పాస్టరు గారినడిగినాను పిన్నిగారూ, బైబిల్లో ఇలాంటిదేం లేదన్నారు అంది. వదిన దాని వేపు కోపంగా చూళ్ళేదు. పాస్టరు గారు గుంటూరాయన, మన పక్క సంగతి ఆయనకేటి తెలుసు, ఆయనకి ఉప్పుచేపే తెల్దు అంది. కొడుకు మేనత్తని బువా అంటాడు, అందరూ హిందీలో పిలిచినట్టే. వాడు కొంచెం గట్టిగానే అన్నాడు, ఆజ్‌కల్, ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు చూస్తన్నారు బువా అని.

"అచ్ఛా. ఆజ్‌కల్ నీదిరా. తమ్ముడు నాది" అంది.

ఆ మాటకి వాడు తలొంచుకున్నాడు. ఆవిడకి తమ్ముడు పోయినాడు. అది నేను మర్చిపోతన్నాను. ఈవిడే ఆయన్ని పెంచింది, తల్లి పొలం పనికి వెళ్ళిన రోజుల నించి.

ఆవిడ లేచి, మోకాళ్ళు పట్టుకుని, మూల జాడీ దగ్గరికి వెళ్ళింది. గుడ్డ విప్పి వాసన చూసింది. చాలాసేపు అలా వొంగే ఉంది. మళ్ళీ గుడ్డ కట్టీసి, నా వేపు తిరక్కండానే చెప్పింది. నాది వేరే ఇంటిపేరు, నాకు మూడో రోజుతోనే మైల పోయింది, నేను చేస్తాను, పాడైపోకండా.

వద్దనాలి. అప్పుడే అనాలి. నా నోరు ఎందుకు రాలేదో నాకిప్పటికీ అర్థం కాదు. ఆవిడది తప్పు మాట కాదు. పద్ధతి ప్రకారం ఆవిడ చెయ్యొచ్చు, నేను చెయ్యకూడదు. నా మొగుడి పళ్ళు నా చేత్తో ముట్టుకోకూడదు, ఆయన పేరు నాకుంది కాబట్టి. ఆయన పేరు వదిలీసి వెళ్ళినావిడ ముట్టుకోవచ్చు. ఇది ఎవరికి చెప్పుకోను?

కొడుకు జాడీ ఎత్తి ఆటోలో పెట్టినాడు. వాడికీ చేతకాలేదు. వదిన ఎక్కి, జాడీ ఒళ్ళో పెట్టుకుని, దుమ్ము పడకండా కొంగు కప్పింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది పొడి. లోపలికి పరిగెత్తి సీసా పట్టుకొచ్చినాను. వదినా, పొడి, పొడి అన్నాను. ఆటో మోతలో విందో లేదో, "మసాలా నా ఇంట్లో లేదేటి" అంది. ఆటో తిరిగిపోయింది. నేను గుమ్మంలో సీసా పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్న కోడలి చేత ఫోన్ చేయించినాను. కొడుకు స్కూటర్ మీద సీసా పట్టుకొస్తాడు, ఆగు వదినా అన్నాను. రాత్రే కలిపీసిందట. తెల్లారగానే భట్టీ దగ్గర తన వంతట. ఫోన్లో ఆవిడ గొంతు సంతోషంగానే ఉంది. కొత్త ఏలకులు తెచ్చినాను అమ్మీ, ఇల్లంతా గుమగుమలాడతంది అంది.

ఏలకులు. నేను ఫోన్ కోడలికిచ్చీసినాను.

క్రిస్మస్ నాడు చర్చి నించి తిన్నగా మా ఇంటికే వచ్చింది. స్టీలు పళ్ళెంలో నాలుగు ముక్కలు, మీద తెల్ల గుడ్డ. మైలింటికి ఎలా తెస్తారో అలాగే తెచ్చింది. మామూలప్పుడైతే ఎవరి పళ్ళెమైనా ఖాళీగా తిరిగివ్వం, కొంచెం పంచదారైనా వేసి ఇస్తాం. మైలింటి నించి కడిగి ఖాళీది ఇవ్వాల. నేను కడిగి, తుడిచి, ఖాళీ పళ్ళెం మా వదిన చేతికిచ్చినాను. మా ఇంటి జాడీలోంచి వచ్చిన కేకుకి.

ఆవిడ ముందే అందరం తిన్నాం. కేకు బాగా పొంగింది, అబద్ధమెందుకు. కొడుకు ఒక ముక్క నోట్లో పెట్టుకుని నా వేపు చూసి, వెంటనే కిటికీ వేపు చూసినాడు. వదిన నమల్తా నమల్తా ఆగింది. మళ్ళీ నమిలింది. ఏదో అడగబోయి, కొంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక నా ముక్క తీసుకుని వంటింట్లో కూచున్నాను. కేకు విరిచి, లోపల్నించి కిస్‌మిస్‌లు ఒక్కోటీ వేళ్ళతో లాగి, అంటుకున్న కేకు గోకీసి, సాసర్లో పెట్టినాను. ఖర్జూరం ముక్కలు కూడా. సీసా మూత తీసి వాటి మీద కొంచెం పొడి చల్లినాను. పళ్ళు ఆయనవి, పొడి ఆయనది. తిన్నాను. కేకు లాగా లేదు. దేనిలాగా లేదు. పొడి పచ్చిగా నాలిక్కి అంటుకుని చేదుగా అయింది, గొంతుకి తగిలి దగ్గొచ్చింది. కోడలు పరిగెత్తుకొచ్చి నీళ్ళిచ్చింది. ఏటైంది అత్తా అంటే లవంగం ఘాటు అన్నాను.

ఈ ఏడు మైల తీరిపోయింది. ఇప్పుడు నేను చెయ్యొచ్చు. ఎవరూ అడ్డం లేరు. కొడుకు పళ్ళు తెచ్చినాడు, రమ్ము తెచ్చినాడు, నేనే తరిగి, నేనే నానబెట్టి, ఆదివారాలు తిప్పుతున్నాను. జాడీ వదిన తిరిగిచ్చీసింది, శుభ్రంగా కడిగి, ఎండలో పెట్టి.

మొన్న వదిన వచ్చింది. చెప్పకండా వచ్చింది. ఆవిడకిప్పుడు మోకాళ్ళు బొత్తిగా పనిచెయ్యట్లేదు, కోడలు చెయ్యిస్తే గడప దాటింది. టీ తాగింది. జాడీ వేపు చూసింది. పైన మేకుకి డబ్బా, దానికి ఇత్తడి బిళ్ళ, దాని వేపు చూసింది. మెల్లిగా అడిగింది.

"ఆ పొడి ఉందేటి అమ్మీ?"

పోయినేడు నోట్లో పెట్టుకోగానే తెలిసింది నాకు, వాడిది కాదని, అంది. నీకెలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను అంది. ఏడాదంతా అదే మనసులో పెట్టుకుని తిరిగిందట, పళ్ళు పట్టుకుపోయి పొడి వదిలీసినాను అని. నేను ఆవిడ మీద ఏడాదంతా కోపం దాచుకున్నాను. ఆ కోపం చెప్దామంటే ఇప్పుడు ముందే ఆవిడ చెప్పీసింది. నా దగ్గర అదీ లేకుండా పోయింది.

సీసా తీసి ఇచ్చినాను. సగం పైనే ఉంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ పెట్టుకుంది. నాకిచ్చింది. నేను చూసినాను. ఏదీ లేదు. రంపప్పొట్టు వాసన. కొంచెం ఊపి మళ్ళీ చూసినాను. కోడల్ని పిలిచి చూడమన్నాను, చిన్నవాళ్ళ ముక్కు కదా అని. అది చూసి తల అడ్డంగా ఊపి సీసా బల్ల మీద పెట్టింది.

మళ్ళీ దంచుదామంటే ఎంతకెంత అని ఎవర్నడగను? వదిన అంది, నాన్న వేసినప్పుడు చూసినాను, జాజికాయ ఎక్కువేసీవాడు అని. నేనన్నాను, కాదొదినా, ఈయన లవంగం ఎక్కువేసీవాడనుకుంటాను అని. ఇద్దరం అలా అనుకుంటా కూచున్నాం. ఇద్దరికీ తెల్దు.

ఆటో వచ్చింది. ఆవిడ లేస్తా లేస్తా బల్ల మీద సీసా చూసింది. మూత పక్కనే ఉంది.

"మూత గట్టిగా బిగించమ్మీ. ఉన్న వాసనైనా పోకండా" అంది.

బిగించినాను.