బరువు తప్పిన కాగితం

మొన్న ఖానాపురం హవేలి నుంచి మా చెల్లెలి మనవరాలు ఫోన్ చేసి, ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోయిందనీ, యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటూ హైదరాబాద్‌లో చిప్పులు డిజైన్ చేసే కంపెనీలో ఉద్యోగమూ ఒకేసారి వచ్చాయనీ, సోమవారంలోగా ఏదో ఒకటి తేల్చాలనీ అన్నది. రిటైరైన ముసలివాణ్ణి నన్నెందుకు అడుగుతావే అని విసుక్కున్నాను గానీ, ఫోన్ పెట్టేశాక మనసు తిన్నగా గోదావరి ఒడ్డున నేను పనిచేసిన పేపరు మిల్లుకే పోయింది.

మన కాలంలో ఫిజిక్స్ చదివినవాడికి దారులు ఎన్నని? అయితే లెక్చరరు, కాకుంటే బ్యాంకు పరీక్ష. నాకు మాత్రం ప్రొఫెసరు గారి దగ్గర రీసెర్చి సీటూ, భద్రాచలం వంతెనకు ఇవతల మిల్లులో ఉద్యోగమూ రెండూ దొరికాయి. నౌకరీ దొరికినంక ఇంకా చదువేందిరా అని దమ్మపేటలో మా నాన్న ఒకటే పోరు. దసరా దాకా మిల్లులో చేసి ఆ తర్వాత చేరతానంటే, పండుగ మర్నాటికి రాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తానని ప్రొఫెసరు గారు కార్డు రాశారు.

యంత్రం మీద పరుగెత్తే కాగితం బరువును కిరణాలతో కొలిచే పరికరాన్ని చూసుకోవడం నా పని. దాన్ని సరిచూడటానికి, బరువు తెలిసిన నమూనా ముక్క ఒకటుండేది. ఎండాకాలంలో తూచిన ఆ ముక్కను నేను నిర్లక్ష్యంగా బల్ల మీదే వదిలేస్తే, ముసురుకు తేమ పీల్చి బరువెక్కింది. దాన్నే నమ్మి పరికరాన్ని సరిచేశాను. ఇక మంచి కాగితం కూడా పలచగా ఉన్నట్టు చూపిస్తుంటే, గుజ్జు పెంచమన్నాను. యంత్రం నడిపే ఖమ్మం పెద్దాయన, మిల్లంతా చాచా అని పిలిచే మనిషి, కాగితాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది, చెవి దగ్గర ఆడించి చూశాడు.

"కాయితం బరువున్నది సార్. నీ మిషిన్ గలత్ చెప్తున్నది."

ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, వేళ్లతో తూచేవాడి మాట వింటానా! చివర్లో తూకం వేస్తే బరువెక్కువని తేలి, ఆ షిఫ్టు కాగితమంతా తిరిగి గుజ్జు తొట్టిలో పడింది. పరికరం అబద్ధం చెప్పదని, గుజ్జు ఎక్కువ వదిలిన తప్పు చాచాదేనని పైవాళ్లు తేల్చేసి, ఆయన్ను పనిలోంచి ఆపేశారు. తప్పు నాదే అన్నా, రుజువేదీ అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ముక్కను ఆరబెట్టి తూచి, తడిగాలికి పెట్టి మళ్లీ తూచి, ప్రతిసారీ పరికరం ఏం చూపిస్తుందో రాసుకుంటూ తొమ్మిది రోజులు కూర్చున్నాను. ఆ మధ్యలోనే దసరా దాటిపోయింది. ఆ లెక్కలు చూశాక పైవాళ్లు ఒప్పుకున్నారు. చాచా పనిలోకి వచ్చాడు, నా సీటు పోయింది.

"గిట్ల చేస్తివేంది సార్," అన్నాడాయన, సంగతి తెలిసి. నేను నవ్వేశాను గానీ, ఆ నవ్వు ఉత్తదే. బాధ చాలా ఏళ్లుంది. ఆ తొమ్మిది రోజులే నేను చేసిన రీసెర్చి అని చెప్పుకుంటే మావాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

ఆ ఫోన్ వచ్చిన మర్నాడు మనవరాలికి నేనే చేసి, నీకేది ఇష్టమే అని అడిగాను.

"పీహెచ్‌డీనే, తాతా. గీ మాట ఇంట్ల ఎవ్వరూ అడగలే."

ఇప్పటి పరికరాలు తేమను తామే లెక్కేసుకుంటాయట, కాగితాన్ని చెవి దగ్గర ఆడించే మనిషితో పనే లేదట. పిల్లలు కంపెనీలో నాలుగేళ్లు చేసి మళ్లీ చదువుకూ వస్తున్నారట, మంచిదే. మన ఇళ్లలో పిల్లల్ని ఇష్టం అడిగే అలవాటు ఆనాడూ లేదు. ఎవరైనా అడిగి ఉంటే, నేనూ ఆ పిల్ల చెప్పిందే చెప్పేవాణ్ణి.