పువ్వు మీద పంతం

వనపర్తిలో నాతో ఒకే గదిలో ఉండి పోటీ పరీక్షలకు చదివిన మిత్రుడికి నాయబ్ తహసీల్దారు ఉద్యోగం వచ్చిన రోజు నేను అతనికంటే ఎక్కువ ఎగిరాను. మిఠాయి డబ్బా నేనే తెచ్చాను. కింద ఇంటివాళ్లకు నేనే పంచాను. ఆ తర్వాత కొద్ది రోజులకు మా వదిన నా ఫోనుకు ఒక చిన్న వీడియో పంపింది. నాగర్‌కర్నూల్‌లో ఏదో హాస్టల్ వరండా, బండల మీద కూర్చున్న పిల్లలు, వాళ్ల మధ్య నిలబడి ఆమె ఏదో అంటే పడీ పడీ నవ్వుతున్న మొహాలు. అంతే. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

హేతువాదినని చెప్పుకునేవాడు బాబాల బూడిదనే కాదు, తన కడుపుమంటను కూడా విచారించాలి. పెద్ద జీతం, జీపు, సంతకానికి విలువ, ఇవన్నీ వచ్చినవాడి మీద నాకు ఈర్ష్య ఎందుకు కలగలేదు? నెల జీతం ఇంటి అద్దెకూ బస్సు ఛార్జీలకూ చాలీచాలని మనిషి మీద ఎందుకు కలిగింది? తహసీల్దారు కుర్చీ నాకు నిజంగా అక్కరలేదా? అక్కరలేకపోతే దానికోసం నా యౌవనమంతా ఆ ఇరుకు గదిలో ఎందుకు ఎండబెడుతున్నాను? ఈ ప్రశ్న వేసుకోవడానికి భయపడి, వదిన మీద కోపం తెచ్చుకున్నాను. అది సులువు.

వదిన అంటే మా మేనత్త కూతురు. గద్వాలలో ఒకే వీధిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగాం. మా నాన్న చీర నేస్తుంటే అంచు కలిపే వైపు మా అమ్మ కూర్చునేది, వాళ్లింట్లో వదిన కూర్చునేది. కాలేజీ రోజుల్లో దేవుడి మీద, జాతకాల మీద నేను వేదికలెక్కి వాదిస్తే ఆమె కింద కూర్చుని చప్పట్లు కొట్టేది. తర్వాత నాగర్‌కర్నూల్ దగ్గరి ఊరి సంబంధం చేసుకుని వెళ్లింది. ఇప్పుడు ఆమె చేస్తున్న ఉద్యోగం మొదట నాది. ఆ మాట చెప్పకపోతే నా మంట ఎవరికీ అర్థం కాదు.

చదువుకుంటూనే ఆదివారాలు నేను ఊళ్లు తిరిగి బడుల్లో, పంచాయతీ ఆఫీసుల ముందు మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు ఇచ్చేవాణ్ని. పసుపు నీళ్లలో సున్నం కలిపి నెత్తురు చూపించి, ఇదే బాబా చేసేది అని అరిచేవాణ్ని. గోపాల్‌పేటలో ఒకసారి అది చూసిన ఒక రిటైరైన లెక్కల సారు నన్ను పక్కకు పిలిచాడు. కూలి కోసం పుణెకో బెంగళూరుకో వలస పోయినవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి ఆయనా, మరికొందరూ కలిసి నాగర్‌కర్నూల్‌లో హాస్టల్ నడుపుతున్నారు.

"ఈ పరీక్షలు ఎన్నేండ్లు రాస్తవ్ బాబూ? మా దగ్గర సైన్సు చెప్పు. నువ్వు మాట్లాడుతుంటే పోరగాండ్లు కండ్లు ఆర్పుతలేరు" అన్నాడు.

నాకు లోపల దీపం వెలిగినట్టయింది. వారంలో చెప్తానన్నాను. వస్తాననే చెప్పబోయాను.

ఆ వారంలోనే మా అమ్మ పువ్వు అడిగించింది. మా వైపు అదొక అలవాటు. తడిపిన పూలు దేవుడి విగ్రహానికి రెండు భుజాల మీద అతికిస్తారు. మనసులో కోరిక చెప్పుకుని చూస్తూ కూర్చుంటారు. కుడి పువ్వు ముందు రాలితే సరే అన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. తడి ఆరితే పువ్వు రాలుతుంది, గాలి ఎటుంటే అటు ముందు ఆరుతుంది. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. నేను ఆ బళ్లో చేరొచ్చా అని అమ్మ అడిగితే కుడిది రాలింది. నేను ఇంటికి వెళ్లేసరికి వీధంతా తెలిసిపోయింది.

"నా కొడుకును దేవుడే బడి దిక్కు పంపుతుండు" అంటోంది అమ్మ, ఎదురింటి వాళ్లతో.

దేవుడు పంపడం! నేను వెళ్తే ఆ రాతిబొమ్మ గెలిచినట్టు. వేదికల మీద ఇన్నాళ్లు నేను అరిచినదంతా మా వీధిలోనే అబద్ధమైనట్టు. ఆ సాయంత్రమే సారుకు ఫోన్ చేసి రానన్నాను. పరీక్షలున్నాయన్నాను. ఇంకెవరైనా ఉంటే చెప్పమన్నాడు. బీఎస్సీ చదివి ఇంట్లో ఖాళీగా ఉంది కదా అని వదిన పేరు చెప్పాను.

వాళ్లత్త కూడా పువ్వు అడిగించిందట. ఎడమది రాలిందట. వదిన ఆ మర్నాడే ఉద్యోగంలో చేరింది. ఆ తర్వాత నేను రాసిన పరీక్షలన్నీ పోయాయి. ఆమె పిల్లలు నవ్వుతున్నారు.

వీడియో చూసిన వారానికి నాగర్‌కర్నూల్ వెళ్లాను. ఆమె పాఠంలో తప్పులు వెతకడానికే వెళ్లాను. వరండాలో చివర కూర్చున్నాను. ఆ రోజు పాఠం పసుపు నీళ్లే. నా ప్రదర్శన! అయితే ఆమె దేన్నీ ఎర్రబరచలేదు. సున్నం, సబ్బు, బూడిద, నిమ్మకాయ, ఉప్పు ముందు పెట్టి, "ఏది కలిపితే రంగు మారుతదో మీరే చూడున్రి" అని పక్కకు జరిగింది.

ఒక పిల్ల లేచి, "టీచర్, మాయమ్మ చీరకంటిన పసుపుకు సబ్బు పెడితే ఎర్రగైతది" అంది.

"నిజమా? నేను నమ్మ. చేసి చూపియ్" అంది వదిన.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. సబ్బుకు ఎర్రబడితే కేకలు, నిమ్మరసం పిండగానే మళ్లీ పచ్చబడితే ఇంకా పెద్ద కేకలు. నేనైతే చిటికెలో గుట్టు విప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ని. ఇక్కడ చప్పట్లు లేవు. పిల్లలు ఆమెను మరచిపోయి గిన్నెల మీదికి వంగారు. ఆమె గోడకు ఆనుకుని చూస్తోంది. ఆ గోడ దగ్గర నేను ఉండాల్సింది.

పిల్లలు వెళ్లాక, "ఎట్లుంది మర్దీ?" అని అడిగింది.

"బాబాల గురించి ఒక్క ముక్క లేదు. మూఢనమ్మకమన్న మాటే రాలే. ఇది సైన్సు పాఠం గాదు, వంట పాఠం."

"అబ్బో. అయితే ఆకలైనట్టుంది నీకు, గంత మంటగ మాట్లాడుతున్నవ్" అని నవ్వింది. "నిజం చెప్పు, నన్ను జూస్తే కుళ్లుగుందా?"

"నాకెందుకు కుళ్లు? నేను వద్దంటెనే గద నీకొచ్చింది."

"ఎందుకు వద్దన్నవ్?"

"పువ్వు చెప్పిందని పోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలె? నువ్వు గూడ పువ్వు మాట ఇనలే, నేనూ ఇనలే. ఇద్దరం ఒకటే."

వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుని నా ముందు నిలబడింది. "ఒకటెట్లైతం? ఎడమకు పడ్డదంటే సరేనన్న, పొద్దున లేసి బస్సెక్కిన, మర్చిపోయిన. నువ్వు మర్చిపోతలేవు. అది కుడికి పడ్డదని ఎడమకు పోయినవ్. ఎడమకు పడుంటే కుడికి పోయెటోనివి. మరి నిన్ను తోలుతున్నదెవరు? మా అత్త గూడ గంత భక్తి చెయ్యదు దానికి."

చర్చల్లో నన్ను ఓడించినవాళ్లు తక్కువ. ఓడినా నిద్రపోయేలోపు జవాబు దొరికేది. కానీ ఈ మాట సరైనది. ఒక పని మంచిదా కాదా అనడానికి దాని కారణాలు చూడాలి. అవతల ఎవరు అవునన్నారో చూసి కాదన్నవాడు ఆలోచించినట్టు కాదు. నేను విశ్వాసులకు చెప్పే మొదటి పాఠమే ఇది. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని గదిలో కూర్చుని ఎదురుచూడడం కూడా తడిపువ్వును చూస్తూ కూర్చోవడమే. కాకపోతే నా గుడికి ఇంగ్లీషు పేరుంది.

బస్టాండు దాకా వచ్చిన వదిన, "వీపనగండ్లల గూడ హాస్టల్ పెడుతున్నడు సారు. మనిషి దొరకలే అని పరేషాన్ అయితుండు" అంది. "నీ పేరు చెప్పాల్నా వద్దా? అడిగి చెప్పు. పువ్వును గాదు, నిన్ను."

ఆ దయ కూడా నాకు గుచ్చుకుంది. ఒకప్పుడు నేను ఆమె పేరు చెప్పాను, ఇప్పుడు ఆమె నా పేరు చెబుతుందట. అయినా బస్సు కదిలేలోపు, "చెప్పు" అన్నాను.

గద్వాలకు ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. ముందే హెచ్చరించాను.

"అమ్మా, పువ్వు చెప్పిందని పోతలేను. నాకు ఇష్టమై పోతున్న."

"అదే బిడ్డా, అదే. ఆ ఇష్టం ఎవరు పుట్టించిన్రు?" అంది అమ్మ. వెంటనే ఫోను చేతిలోనే పెట్టుకుని ఎదురింటి ఆమెను పిలవడం నాకు వినిపించింది. "ఇన్నవా? ఆలస్యమైతే అయింది గాని, పువ్వు మాట తప్పలే!"

నోటిదాకా వచ్చాయి, గాలి, తేమ, అన్నీ. మింగేశాను. మా వీధి ఏమనుకుంటుందన్న దానికి ఇంకో సంవత్సరం చెల్లించే ఓపిక నాకు లేదు. అమ్మ గెలిచానని అనుకోనీ. ఆ గెలుపు వల్ల సబ్బు నీళ్ల గుణమేమీ మారదు.

వీపనగండ్లలో మొదటి రోజు పాఠం బాగా రాలేదు. పిల్లలు నవ్వలేదు. నేను గొంతు పెంచి ఉపన్యాసం మొదలుపెట్టి, మధ్యలో గుర్తొచ్చి ఆపేశాను. మళ్లీ మొదలుపెట్టాను. వదిన అయితే ఏం చేసేదో అనుకుంటే ఒళ్లు మండింది. చివరికి, ఏమైనా అడగమన్నాను. తల్లిదండ్రులు ఇద్దరూ పుణెలో ఉన్న ఒక పిల్ల కూర్చున్నచోటి నుంచే అడిగింది.

"సార్, మీరు రేపు గూడ వస్తరా?"

"వస్త" అన్నాను. "రోజూ వస్త."

ఆమె నమ్మినట్టు లేదు. నాగర్‌కర్నూల్‌లో వదినను ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఆ సంగతి తట్టగానే మళ్లీ లోపల చురుక్కుమంది. మర్నాడు గంట కొట్టకముందే వెళ్లి తరగతిలో కూర్చున్నాను.